తొమ్మిది వందల ఫ్లూట్ వదిలి మంచి ఫ్లూట్‌కి మారాలా? నా అనుభవం

ఐదు శ్రుతి (పాశ్చాత్య లెక్కలో జీ, G) వెదురు ఫ్లూట్, తొమ్మిది వందలకు కొన్నది, కొన్నేళ్లుగా వాడుతున్నాను. పాఠాల్లో వర్ణాలు దాటి కృతుల్లోకి వచ్చేసరికి దాని మీద మూడు ఫిర్యాదులు తయారయ్యాయి. మంద్ర పంచమం (కింది స్థాయి ప) నాదం కంటే గాలే ఎక్కువగా పలుకుతోంది. తార షడ్జం (పై స్థాయి స) తంబూరాకు కిందుగా ఆగిపోతోంది. అంతర గాంధారం (గ) నుంచి మధ్యమానికి (మ) వెళ్తే వాద్యం మారిపోయినట్టుంది. దసరా తరువాత కొత్తది కొందామన్న ఆలోచన గట్టిపడింది. సరైనది చేతికి వచ్చేసరికి మార్చి అయింది. ఈ మధ్యలో ఏం జరిగిందో, డబ్బు ఎక్కడ పోయి ఎక్కడ మిగిలిందో వరసగా రాస్తున్నాను. ఇది కర్ణాటక పద్ధతిలో, ఎనిమిది రంధ్రాల ఫ్లూట్ వాయించేవాళ్ల కోసం.

ముందు పాత ఫ్లూట్‌నే పరీక్షించాను. లోపం వెదురుదా, పెదవులదా తేలకుండా నాలుగు వేలు పెడితే అదే ఫిర్యాదు కొత్త ఫ్లూట్‌లోనూ వినబడుతుంది.

మొదట లీకు. షడ్జం బాగా పలికి పంచమం పాడైందంటే గాలి ఎక్కడో మధ్యలో పోతోందని అర్థం. మన పద్ధతిలో షడ్జానికి పైరెండు రంధ్రాలే మూస్తాం, పంచమానికి అయిదు. కాబట్టి పగులు మూడో రంధ్రం కింద ఉంటే షడ్జానికి ఏమీ కాదు, ధైవతం పంచమాలకే దెబ్బ. గది చీకటి చేసి, ఫోన్ టార్చ్ లోపలికి కొట్టి మెల్లగా తిప్పుతూ చూస్తే నాలుగు, అయిదు రంధ్రాల మధ్య వెనక వైపు వెంట్రుకంత వెలుగు గీత కనబడింది. దాని మీద మామూలు సెల్లోటేప్ అంటించి ఊదగానే మంద్ర పంచమం నిండుగా వచ్చింది. పగులే కారణమా కాదా తేల్చుకోడానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

బాగుచేయడం కూడా పెద్ద పనేం కాదు. పల్చటి ఫెవిక్విక్ చుక్క పగులు మీద వేస్తే అదే లోపలికి పాకుతుంది. ఆరాక గట్టి నైలాన్ దారం పక్కపక్కనే వచ్చేలా బిగించి చుట్టాలి. ఇక్కడ వరస ముఖ్యం. నూనె పట్టించిన వెదురు మీద జిగురు నిలవదు. అందుకే నూనె రాసే వేళ ఇంకా దూరంగా ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోవాలి, లేదా స్పిరిట్‌తో తుడిచి ఒక రోజు ఆరనివ్వాలి. దారం, జిగురు కలిపి నలభై రూపాయలు.

రెండోది బిరడా. ఊదే రంధ్రానికి ఎడమ పక్కన లోపల ఉండే కార్క్ ముక్క. దాని స్థానం చాలామంది చూడరు. ఫ్లూట్ లోపలి వెడల్పు ఎంతో, ఊదే రంధ్రం మధ్య నుంచి బిరడా దాదాపు అంత దూరంలో ఉండాలన్నది మోటు లెక్క. నా ఫ్లూట్ లోపలి వెడల్పు 15 మిల్లీమీటర్లు, బిరడా ఉన్నది 22 దగ్గర. బిరడా దూరంగా జరిగితే పై స్థాయి తగ్గుతుంది, దగ్గరైతే పెరుగుతుంది. కింది స్థాయి మీద దాని ప్రభావం తక్కువ. అంటే షడ్జం సరిగా ఉండి తార షడ్జం ఒక్కటే కిందుగా ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. చివర చదునుగా ఉన్న పుల్లతో మూసిన వైపు నుంచి కొంచెం కొంచెం నెట్టుకుంటూ 16 దాకా తెచ్చాను. మధ్య షడ్జంతో పోలిస్తే తార షడ్జం తగ్గుదల ఇరవై సెంట్ల నుంచి అయిదుకు దిగింది. పక్కపక్క స్వరస్థానాల మధ్య అరమెట్టు నూరు సెంట్లు కాబట్టి అయిదు సెంట్లంటే పెదవి సర్దుకుని దాటించేయొచ్చు. బిరడా జిగురుతో అంటించి ఉంటే మాత్రం బలవంతం చేయకండి, వెదురు చీలుతుంది.

ఇలా మూడు ఫిర్యాదుల్లో రెండు నలభై రూపాయలతో పోయాయి. నిజం చెప్పాలంటే కాస్త నిరాశే కలిగింది, కొనడానికి ఉన్న సాకు పోయిందిగా.

మిగిలింది ఏమిటో చూడ్డానికి, స్వరం ఎంత ఎక్కువో తక్కువో చూపే ట్యూనర్ యాప్ పెట్టుకున్నాను. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ట్యూనర్ చూపేది పియానో లెక్క, అందులో అరమెట్లన్నీ సమానం. మన అంతర గాంధారం తంబూరాతో కలిసిందంటే యాప్‌లో అది దాదాపు 14 సెంట్లు తక్కువ చూపిస్తుంది. చతుశ్రుతి ధైవతం (ద) 16 తక్కువ. పంచమం 2 ఎక్కువ. ఇది తెలియక గాంధారం తగ్గిందని మంచి ఫ్లూట్లను తిప్పి పంపేవాళ్లున్నారు. గాంధారం యాప్‌లో సరిగ్గా సున్నా దగ్గర నిలిచిందంటే ఆ ఫ్లూట్ కీబోర్డు పక్కన బాగుంటుంది, తంబూరా పక్కన గుచ్చుకుంటుంది. కొలిచే ముందు పది నిమిషాలు వాయించి ఫ్లూట్‌ను వెచ్చబరచాలి. సూది చూస్తూ ఊదకూడదు, కళ్లు మూసుకుని ఊది తరువాత చూడాలి. చూస్తూ ఊదితే తెలియకుండానే పెదవి దిద్దేస్తుంది.

ఆ కొలతల్లో పాత ఫ్లూట్ అసలు రంగు బయటపడింది. కైశికి నిషాదం (ని), అంటే మూడు మూసి పలికేది, ఇరవై సెంట్లు పైన ఉంది. మూడు మూస్తే గాలికి దారి నాలుగోదే, కాబట్టి ఇది నాలుగో రంధ్రం వేసిన చోటులోని తప్పు. తగ్గిన స్వరాన్ని రంధ్రం కాస్త పెద్దది చేసి పెంచొచ్చు. పెరిగిన స్వరాన్ని తగ్గించాలంటే రంధ్రం లోపల, ఊదే వైపు అంచుకు మైనం పెట్టడం ఒక్కటే దారి, అది ఎండకు కరుగుతుంది, వేలికి తగులుతుంది. హరికాంభోజి రాగం వాయించినా, ఖమాస్ వాయించినా ఆ నిషాదం దగ్గర ప్రతిసారీ పెదవి లోపలికి తిప్పుకోవాల్సి వస్తోంది. గాంధారం నుంచి మధ్యమానికి వచ్చే తేడా అలాగే ఉంది. అన్నీ తెరిచిన గాంధారం నుంచి, మొదటిది తప్ప మిగతావి మూసిన మధ్యమానికి దూకడం ఏ ఫ్లూట్‌లోనైనా గతుకే. కానీ ఊదే రంధ్రం అంచు అరిగిన ఫ్లూట్‌లో ఆ గతుకు పెద్దదవుతుంది. నా దాని అంచు గోరుతో తడిమితే ఒక చోట మొద్దుబారి ఉంది.

కార్తీకంలో తోటి విద్యార్థి దగ్గర నాలుగు వేల ధర పలికే, ఐదు శ్రుతి ఫ్లూట్ ఒక వారం అరువు తెచ్చుకున్నాను. ఒకే గదిలో, ఫోన్ ఆరడుగుల దూరంలో పెట్టి, ఒకే వర్ణం రెండింటి మీదా రికార్డు చేసి, ఏది ఏదో చెప్పకుండా గురువుగారికి పంపాను. తార స్థాయిలో ఆయన తేడా పట్టలేకపోయారు. మంద్రంలో మొదటి ఆవర్తనంలోనే (తాళం ఒక చుట్టులోనే) పట్టేశారు. "పైన వచ్చే బుస నీ పెదవులది, ఏ ఫ్లూట్ కొన్నా వస్తుంది. కిందది మాత్రం వెదురుదే" అన్నారు. మారాలా వద్దా అన్నదానికి నాకు జవాబు దొరికింది అక్కడే. మంద్ర స్థాయి కోసం, స్వరస్థానాల కోసం మారొచ్చు. తార స్థాయి బాగుపడుతుందని మారితే డబ్బు దండగ.

తరువాతి ప్రశ్న ఏ శ్రుతి అన్నది. మంచిది కొంటున్నాం కదా, పొడవుది కొందామనిపించడం సహజం. ఫ్లూట్ విద్వాంసులు ఎన్. రమణి గారు కర్ణాటక కచేరీల్లోకి పొడవు ఫ్లూట్లు తెచ్చిన దగ్గర నుంచి ఆ గంభీరమైన నాదం చెవికి బాగా అలవాటైంది. రెండున్నర శ్రుతి మీద నాకూ మనసు లాగింది. ఐదు శ్రుతి ఫ్లూట్ పొడవు సుమారు అడుగుంబావు, రెండున్నరది అడుగున్నర దాటుతుంది. రంధ్రాల మధ్య ఎడం ఐదులో దాదాపు రెండు సెంటీమీటర్లు ఉంటే, దాంట్లో రెండున్నర. వినడానికి అర సెంటీమీటరే. హార్డ్‌వేర్ షాపులో అరంగుళం పీవీసీ పైపు ముక్క కొని, ఆ ఎడంతో స్కెచ్ పెన్‌తో గుర్తులు పెట్టి, టీవీ చూస్తూ రోజూ కాసేపు దాని మీద జంట వరుసలు (తొలి అభ్యాసాలు) వేళ్లతో వేశాను. ఊదడం లేదు, ఉత్త వేళ్లే. కుడి ఉంగరపు వేలు రెండో రోజుకే మొరాయించింది. పైగా శుద్ధ ధైవతానికి అయిదో రంధ్రం సగం మూయాలి, కాకలి నిషాదానికి మూడోది సగం. చాచిన వేలితో సగం మూయడం, ముడిచిన వేలితో సగం మూయడం ఒకటి కాదు. చెయ్యి చిన్నదైనవాళ్లు ఈ పైపు పరీక్ష చేయకుండా పొడవు ఫ్లూట్‌కు అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇంకో సంగతీ ఐదు వైపే మొగ్గింది. మా క్లాసులో పాడేది ఎక్కువగా ఆడవాళ్లు, వాళ్ల శ్రుతి ఐదు, ఐదున్నర. రెండున్నర కొంటే ఇంట్లో ఒక్కణ్నే వాయించుకోవాలి.

డిసెంబరు మొదట్లో తయారీదారులకు ఫోన్లు మొదలుపెట్టాను. ఇక్కడ ఒక చిక్కుంది, కొత్తవాళ్లు చాలామంది పడేది ఇందులోనే. ఉత్తరాది ఫ్లూట్లలో షడ్జం మూడు రంధ్రాలు మూసి పలుకుతుంది, మనకు రెండు. ఉత్తరాది వాళ్లు జీ అని రాసి పంపిన ఫ్లూట్ మన వేళ్లతో వాయిస్తే షడ్జం పాశ్చాత్య ఏ (A) దగ్గర పడుతుంది, అంటే ఐదు శ్రుతి కాదు, ఆరు. అందుకే శ్రుతి పేరొక్కటే చెప్పకుండా "పైరెండు మూస్తే జీ రావాలి, ఎనిమిది రంధ్రాలు ఉండాలి" అని చెప్పాలి. నేను అడిగిన మిగతా ప్రశ్నలు: వెదురు కోసి ఎంతకాలం ఆరబెట్టారు? బిరడా జరపగలిగేదా, అంటించినదా? ఏ వేడిమి దగ్గర శ్రుతి చేశారు? నచ్చకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారు, కొరియర్ ఖర్చు ఎవరిది? మూడో ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఒకరికి ఇచ్చాను ఆర్డరు. వెల 3,800, సగం అడ్వాన్సు, మూడు వారాలు అన్నారు.

మూడు వారాలు అన్నది సంక్రాంతి దాటింది. సరైన వెదురు దొరకలేదన్నది కారణం, అది నమ్మదగిందే. కణుపుకు కణుపుకు మధ్య పొడవు చాలాలి, గోడ మందం చుట్టూ ఒకేలా ఉండాలి, లోపల గుండ్రంగా ఉండాలి, బాగా ఆరాలి. వంద గొట్టాల్లో ఇవన్నీ కుదిరేవి కొన్నే. మంచి ఫ్లూట్ ధరలో పెద్ద వాటా ఈ ఏరివేతదే అని నా అభిప్రాయం. రంగు దారాలు, మెరుగు, పేరు చెక్కడం లాంటి వాటికి నేనైతే ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వను.

జనవరి చివర్లో పీవీసీ గొట్టంలో భద్రంగా ప్యాక్ చేసి వచ్చింది. తెల్లారి ఆరింటికి ఆత్రంగా తీసి ఊదితే షడ్జం ఇరవై సెంట్లు కింద! కడుపులో గాభరా. మధ్యాహ్నం మళ్లీ కొలిస్తే దాదాపు సరిపోయింది. గాలి వేడెక్కితే ఫ్లూట్ శ్రుతి పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 3 సెంట్లు. హైదరాబాదులో జనవరి ఉదయం పదహారు డిగ్రీలు, తయారీదారు శ్రుతి చేసింది ఇరవై ఏడు దగ్గర. మన ఊపిరి లోపలి గాలిని కొంత వెచ్చబరుస్తుంది కాబట్టి లెక్కకు వచ్చే ముప్పై మూడులో ఇరవయ్యే కనబడింది. ఏసీ హాల్లో వాయించేవాళ్లకు ఇది తెలిసిన బాధే. కొత్త ఫ్లూట్ చూసేటప్పుడు షడ్జం ఎక్కడుందన్నది రెండో సంగతి. షడ్జంతో మిగతా స్వరాలు ఎంత దూరంలో ఉన్నాయన్నదే చూడాలి. ఆ దూరాలు వేడిమితో పెద్దగా మారవు.

అలా చూస్తే దొరికింది అసలు లోపం. రిషభం (రి) 18 సెంట్లు పైన. ఒకటి మూసి పలికే స్వరం కాబట్టి తప్పు రెండో రంధ్రానిది. తంబూరా రిషభం పియానో కంటే 4 సెంట్లు పైనే ఉంటుంది, అది తీసేసినా పద్నాలుగు మిగిలింది. ఫోన్ చేస్తే కొంచెం మైనం పెట్టుకోమన్నారు. ఒప్పుకోలేదు. శుద్ధ రిషభానికి సగం మూసేది కూడా ఆ రంధ్రమే. అంచున మైనం ఉంటే మాయామాళవగౌళ రాగంలో వేలు జారే చోటు ప్రతిసారీ మారుతుంది. ఉదయం, మధ్యాహ్నం తీసిన రికార్డులు రెండూ పంపాక మార్చి ఇస్తామన్నారు. మాటల్లో కాస్త విసుగు వినిపించింది కానీ మాట తప్పలేదు. వెనక్కి పంపిన కొరియర్ 180 రూపాయలు నా ఖాతాలో పడింది.

రెండోది రావడానికి అయిదు వారాలకు పైనే పట్టింది. ఈ ఎదురుచూపు మొదటిదాని కంటే కష్టంగా గడిచింది, ఎందుకంటే మంచి మంద్రం ఎలా ఉంటుందో ఈసరికి తెలిసిపోయింది, పాతది పట్టుకుంటే చప్పగా ఉంది. వచ్చాక అదే వరసలో చూశాను: పది నిమిషాలు ఊదడం, మంద్ర పంచమం మధ్య పంచమం జత, మధ్య షడ్జం తార షడ్జం జత, అన్నీ తెరిచి గాంధారం, అక్కడి నుంచి మధ్యమం, చివర తార గాంధారం మెల్లగా ఊదితే పలుకుతుందా లేదా. జతల్లో తేడా ఎక్కడా ఏడు సెంట్లు దాటలేదు. నిషాదం తంబూరాలో కరిగిపోయింది. ఉంచేసుకున్నాను.

కొత్త వెదురును మొదటి నెల గంటలకొద్దీ వాయించకూడదు. లోపల తడి, బయట ఎండ, ఈ లాగుడులోనే చీలికలు వస్తాయి. పూటకు పావుగంట, ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయాను. వాయించగానే పుల్లకు చుట్టిన నూలు గుడ్డతో లోపలి తడి తుడవాలి. నూనె నాలుగైదు చుక్కలు గుడ్డకు అద్ది లోపల పట్టించి రాత్రంతా పడుకోబెట్టి ఉంచాలి. ఊదే రంధ్రం అంచుకు, బిరడాకు నూనె తగలనివ్వొద్దు. కొబ్బరి నూనె చలికాలంలో ఫ్లూట్ లోపలే పేరుకుంటుంది, నేను బాదం నూనె వాడాను. ఏప్రిల్ నుంచి తడి పూర్తిగా ఆరాక పల్చటి పాలిథిన్ గొట్టంలో పెట్టి, దాన్ని గుడ్డ సంచిలో దాస్తున్నాను. తడి ఉండగా పాలిథిన్‌లో పెడితే బూజు ఖాయం. ఎండలో ఆపిన కారు, ఏసీ గాలి నేరుగా తగిలే చోటు, ఈ రెండూ నిషేధం.

మొత్తం ఖర్చు: ఫ్లూట్ 3,800, రాకపోకల కొరియర్లు 430, సంచి 350, బాదం నూనె, పైపు ముక్క, దారం, జిగురు కలిపి 200 లోపు. అయిదు వేలకు రెండు వందలకు పైగానే తక్కువ.

మారింది ఏమిటంటే, మంద్ర పంచమం మెల్లగా ఊదినా నిలుస్తోంది, ఒకే ఊపిరిలో ఇంకో అర ఆవర్తనం వస్తోంది. నిషాదం దగ్గర పెదవి తిప్పే అలవాటు పోవడానికి మాత్రం నెల పట్టింది. మంచి ఫ్లూట్ మీద ఆ దిద్దుబాటే అపశ్రుతి అయింది, కైశికి నిషాదం ఇప్పుడు కిందికి పోతోందని గురువుగారు రెండు క్లాసుల్లో ఆపించారు. గాంధారం మధ్యమాల మధ్య గతుకు తగ్గింది, పోలేదు. తార స్థాయి బుస యథాతథం.

పాతది అమ్మలేదు. వాన రోజుల్లో బయట వాయించాల్సి వస్తే, ప్రయాణాలకు అదే వెళ్తోంది. మే నెలలో పగిలినా ప్రాణం పోదు. రెండున్నర శ్రుతి ఆర్డరు ఇంకా ఇవ్వలేదు. ఇస్తే జూలై తరువాతే, గాలిలో తేమ ఉన్నప్పుడే చేతికి వచ్చేలా. పీవీసీ పైపు మీద ఉంగరపు వేలు ఇప్పుడు నాలుగో కాలం (నాలుగో వేగం) దాకా ఆగుతోంది.